ఫెలీ పొగ, నా మచ్చ

సికిహోర్ దీవిలోని లాజీ పట్టణంలో మందుల షాపు నడిపిన పెర్పెతువా యురోంగ్ అనే నేను, డెబ్బై ఒకటో ఏట, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాయించుకున్న వీలునామా ఇది. అసూయ మతిభ్రమణం కిందికి రాదని లాయరు గారు భరోసా ఇచ్చారు.

1. ఇల్లూ షాపూ నా మేనకోడలు రొసెండాకు చెందుతాయి. ఈ వీలునామా అమలు బాధ్యతా ఆమెదే. కెమెరాకు చెమ్మ తగలకుండా డబ్బాలో పోసిన బియ్యం మాత్రం వండుకోవద్దు. పదకొండేళ్ల నాటివి.

2. నా చిన్న టెలిస్కోపు, కెమెరా మా ఊరి హైస్కూలుకు. వాటితోపాటు మా ఆయన అన్సెల్మో తెల్ల బనీను కూడా. తెల్లవారగానే దాన్ని టెలిస్కోపు మూతికి బిగించి ఒక ఫొటో తీస్తే అద్దం మీది మచ్చలన్నీ అందులో పడతాయి. ఆకాశంలో పొగమరకల్లా కనిపించే నీహారికల ఫొటోల్లోంచి ఆ మచ్చల్ని తీసెయ్యొచ్చు. బనీనుకు గంజి పెట్టకూడదు. ఆయన వస్తువుల్లో ఇంకా పనిచేస్తున్నది అదొక్కటే.

3. వీధి చివర బట్టలు కుట్టే ఫెలిసిటాస్ డగాస్‌కు ఏమీ ఇవ్వడం లేదు. ఫొటోలు తియ్యడం నా దగ్గరే నేర్చుకుని, వృశ్చికం తోక పక్కన ఎవరూ చూడని నీహారికను పట్టుకుంది. ఊరంతా దాన్ని ఫెలీ పొగ అంటారు. ఆ ఫొటో మునిసిపల్ హాల్లో తగిలించారు. ఆరేళ్లుగా అక్కడ ఏ కాగితం పనున్నా రొసెండానే పంపుతున్నాను. ఫెలీ మొదటిసారి ఆ ఫొటో తెచ్చి చూపించిన రోజున, "అక్కా, ఇది నీకెప్పుడూ పడలేదా?" అంది. నేను అద్దం శుభ్రంగా ఉంచుకుంటానని చెప్పాను. నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది.

4. నల్ల డిస్కును నా శవపేటికలో పెట్టాలి. ఫెలీ కంటే ఎనిమిది నెలల ముందు నేను తీసిన అరవై ఫొటోలు, తేదీలతో సహా, అందులో ఉన్నాయి. అన్నీ కలిపి చూస్తే అదే చోట అదే పొగ. బనీను ఫొటోతో సరిచేసినా అది పోలేదు. ఉప్పుగాలికి అద్దం బూజు పట్టిందనుకుని, కలిపి చేసిన ఫొటోలోంచి దాన్ని మూడు రోజులు కూర్చుని నా చేతులతో నేనే చెరిపేశాను. ఆ పేరు నాది కావలసింది. ఈ మాట అన్సెల్మోకు కూడా చెప్పుకోలేదు.

5. సాక్షి సంతకం చేసినవాళ్లకు వీలునామా కింద ఏమీ దక్కదని చట్టం. అందుకే ఫెలీని సాక్షిగా పిలిపించాను. లేకపోతే ఆఖరి నిమిషంలో మనసు కరిగి ఏదో ఒకటి రాసిచ్చేస్తానని నా భయం. సంతకానికి ముందు ప్రతి పేజీ చదవాలని షరతు పెట్టాను. ముందు చూసింది నేనని లోకానికి తెలియక్కర్లేదు. ఫెలీకి తెలిస్తే చాలు.

లాజీ, 14 సెప్టెంబరు 2023
(సంతకం) పెర్పెతువా యురోంగ్

సాక్షులు:
సాటర్నినా బులావన్, టీచరు
డెమెట్రియో ఓంపాడ్, చర్చి గుమాస్తా
ఫెలిసిటాస్ డగాస్, దర్జీ. పక్కనే ఆమె చేతిరాత: అంతా చదివాను. డిస్కు తియ్యక్కా, చూద్దాం.