దూర్బీన్ కుట్లు

అల్ఫియా బేటా,

అన్నం వండిపెట్టిన. పప్పు జర వేడి చేసుకో. షాపు తాళంచెవి మిషిన్ డ్రాలో ఉన్నది.

జనగామ చౌరస్తాల తెలంగాణ వంటావార్పు ఉన్నది, పోతున్న. సమ్మె మొదలైనకాడికెల్లి జెండాలు కుట్టుడే గాని ఒక్కనాడు రోడ్డు మీద కూసోలే. పరేషాన్ గాకు. మెత్తన్నమే తింట, బరువులు మొయ్య.

ఒక్కటి మాత్రం నాకు నచ్చలే. నాకు కిడ్నీల రాయి తీసిండ్రని అందరికీ చెప్తున్నవ్. నాది రాయి కాదు బేటా, మలం పోయే పేగుకు క్యాన్సర్. పట్నం దవాఖానల డాక్టరమ్మ కడుపు పొడుగున కొయ్యకుండ, దూర్బీన్ పెట్టి చిన్న బొక్కలకెల్లి గడ్డ తీసింది. ఇన్నేండ్ల దర్జీని, గంత సన్నటి కుట్టు నాకు సుత రాదు. గసొంటి పనిని రాయి కింద దాస్తవా?

పేగు మానేదాక కడుపుకు పెట్టిన మలం సంచి గురించి సుత బుగులు పడకు. జెండాగుడ్డ మిగిలితే ఆ సంచికి అంగీ లోపల జేబు కుట్టుకున్న. మీదికెల్లి కనిపియ్యదు.

నీ అబ్బాజాన్

రాయి అని ఇగ ఎవ్వలకు చెప్పకు. ఇయ్యాల అడిగినోళ్లకు అంగీ లేపి చూపిస్త. ముందుగాల డాక్టరమ్మ కుట్లు, తర్వాత నావి.