డ్రమ్ములో గడ్డ

మార్చి 4
ఈ సబ్బుల షెడ్డులో బుర్ర ఉన్నది నాకొక్కదానికేనా? కాస్టిక్ సోడా డ్రమ్ముకి మళ్ళీ మూత పెట్టలేదు. గాల్లో తేమంతా తాగేసి పెచ్చులన్నీ ఒకే గడ్డయ్యాయి. మేస్త్రీని అడిగితే, రేపట్నుంచి నువ్వు బడి పెట్టు తల్లీ, మేమంతా పలకలు తెచ్చుకుంటాం అన్నాడు. అందరూ నవ్వారు. సోడా కలిపే పిన్ని కూడా. నాకు చుట్టమేమీ కాదు, షెడ్డులో అందరికీ పిన్నే.

మార్చి 6, మధ్యాహ్నం
లైబ్రరీలో తెచ్చిన కెమిస్ట్రీ పుస్తకం మూడోసారి చదివాను. సోడియం మీద ప్లస్. ఆక్సిజన్, హైడ్రోజన్ జంట మీద మైనస్. వరసలు వరసలుగా ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటాయి. నీళ్ళు తగిలితే ఆ పట్టు వదిలి నీళ్ళని పట్టుకుంటాయి. అప్పుడు పుడుతుంది వేడి. అందుకే ముందు నీళ్ళు, తర్వాత సోడా, కొంచెం కొంచెం. తిరగేసి సోడా మీద నీళ్ళు పోస్తే అక్కడికక్కడే మరిగి ఎగజిమ్ముతాయి.

మార్చి 9
గడ్డ కదలడం లేదు, వేడినీళ్ళు పొయ్యండి అన్నాడు మేస్త్రీ. వద్దు, గునపం తెస్తానని పరిగెత్తాను. వచ్చేసరికి పిన్ని పోసేసింది.
మొహమంతా చిమ్మింది. కుళాయి కింద తల పెట్టించి ఇరవై నిమిషాలు పట్టుకున్నాను. చాలే, ఊపిరాడ్డం లేదే అని ఏడ్చింది. వదల్లేదు.

మార్చి 10
కుడి కన్ను దక్కింది. ఎడమదాని సంగతి వారం ఆగితే గానీ తెలియదట. ఇది పైన కాల్చి ఊరుకోదమ్మా, ఒంట్లో కొవ్వుని సబ్బు చేసుకుంటూ లోపలికి పోతుంది అంది డాక్టరమ్మ.
సబ్బు. రోజూ మేం దానిచేత చేయించే పనే.

మార్చి 11
మేనేజరు కాగితం ముందు పెట్టాడు. ఎవరూ చెప్పకుండా పిన్నే పోసిందని అందులో ఉంది. సంతకం పెడితే కలిపే సెక్షన్ నీదే అన్నాడు. మీ మొహం అన్నాను.

మార్చి 12
ఇక్కడైనా రాయాలి. పోయిన నెల ఇంకో డ్రమ్ములో గడ్డ మీద చెంబెడు చన్నీళ్ళు నేనే పోశాను. పుస్తకం చదివాకే. కొంచెమేగా అనుకున్నాను. బుస్సుమంది, విడిపోయింది, అంతే. పిన్ని చూసి, నీకు అన్నీ తెలుసే అమ్మాయ్ అంది. అదృష్టం బాగుండి బతికాను అని చెప్పలేదు. పొగడ్త బాగుంది మరి.

మార్చి 13
నా కాగితం నేనే రాసిచ్చాను. పొయ్యమన్నది మేస్త్రీ. పొయ్యొచ్చని చూపించింది నేను. పిచ్చిదానా, ఇది నీ మెడకే చుట్టుకుంటుంది అన్నాడు మేనేజరు. చుట్టుకోనీ.
ఆస్పత్రికెళ్ళి పిన్నికి చదివి వినిపించాను. గోడవైపు తిరిగి పడుకుంది.

మార్చి 16
ఎడమ కంటి కట్టు విప్పారు. పిన్ని కుడి కన్ను మూసుకుని, కిటికీ దగ్గరున్నది నువ్వేనటే అని అడిగింది.
తలుపు దగ్గరున్నాను పిన్నీ అన్నాను.