ఎదుటి పెట్టెలో నిశీథరంజన్ పాల్

కోల్‌కతా,
ఆదివారం

శ్రీచరణేషు జేఠూ,

ప్రణామాలు. ఫోను మోగితే మీ పెదనాన్న దాన్ని దిండు కింద దూర్చేస్తాడని జేఠీమా చెప్పింది కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. మా విశ్వవిద్యాలయం డిజిటల్ గ్రంథాలయాల మీద ఆన్‌లైన్ సదస్సు పెడుతోంది. అందులో ప్యానెళ్లన్నీ నా నెత్తిన పడ్డాయి. ఒక్కో విషయానికి నలుగురిని పోగేయాలి, వాళ్లను వాదించుకోనివ్వాలి, టైముకి ఆపాలి. పోగేసినవాళ్లు పోగేసినట్టే జారిపోతున్నారు. ఒకాయనకి మనవరాలి అన్నప్రాసన అడ్డొచ్చింది. ఇంకొకాయన తన పేరు రెండోది వేశామని అలిగాడు.

ఒక్క ప్యానెల్ మాత్రం ఎలాగైనా నిలబెట్టాలి. చిన్న ఊళ్ల గ్రంథాలయాల్లోని పుస్తకాలను కంప్యూటర్‌లోకి ఎక్కించాలా వద్దా అన్నది విషయం. అందులో ఏ ఊరి మాట బాగా వినిపిస్తే, పుస్తకాలు స్కాన్ చేసే యంత్రాన్ని ఆ ఊరికే ముందు పంపుతారు. ఉన్నది ఒక్కటే యంత్రం. బర్ధమాన్ వాళ్లు అప్పుడే చెయ్యి చాచారు. మన కమలాసుందరి పాఠాగారం ఉందే, ఆ గ్రంథాలయం కప్పు కారుతోంది, బీరువాలకి చెదలు పట్టాయి. ఇంకో వానాకాలాన్ని ఆ పుస్తకాలు తట్టుకోలేవు జేఠూ. దాని కార్యదర్శివి కనుక నీ సంతకం కావాలి. అంతకంటే ముందు నువ్వు ప్యానెల్‌కి కావాలి.

నీ బుల్టీ

తా.క. కవరు మీద బుల్టీ అని రాయకు, నా అసలు పేరు రాయి. పోయినసారి మా ప్యూను "బుల్టీ ఎవరండీ, బుల్టీ?" అని వరండా అంతా అరుచుకుంటూ తిరిగాడు. ఇప్పుడు మా హెడ్ కూడా అలాగే పిలుస్తున్నారు.


ఘూర్ణీ, కృష్ణనగర్

కల్యాణీయాసు బుల్టీ,

ఆశీస్సులు. ప్యానెల్ ఇప్పిస్తున్నందుకు చాలా సంతోషించాం. పాఠాగారం కప్పు మీద పావురాల గూళ్లు తీయించి చోటు చేశాను. ఎండ బాగానే తగులుతుంది. కప్పు ఆ బరువు మోస్తుందా అన్నదే అనుమానం.

ఇంతవరకు రాసేసరికి ఘోంటూ వచ్చి, నీ ఉత్తరం పైకి చదవమన్నాడు. చదివాక, "ఒరేయ్, అది కరెంటిచ్చే ప్యానెల్ కాదు, కబుర్లు చెప్పుకునేది" అన్నాడు. ఘోంటూని మర్చిపోలేదుగా? మట్టిబొమ్మల దుకాణం వాడు, చిన్నప్పుడు వాడి ఏనుగు తొండం విరిచి పారిపోయి వచ్చావు. రోజూ సాయంత్రం పాఠాగారంలో కూర్చుంటాం. మరమరాలు వాడివి, టీ నాది.

సంతకం మాట ఎత్తకు. పుస్తకాలన్నీ కంప్యూటర్‌లో దొరికితే మా గుమ్మం ఎవడు తొక్కుతాడు? నేనూ, చెదపురుగులూ మిగులుతాం. ఆ మాటే మీ సదస్సులో చెప్తాను, రాసుకో. కానీ చర్చంతా నలభై అయిదు నిమిషాలేనా? ఇక్కడ టీ ఎవరు తెప్పించాలో తేలడానికే అంతసేపు పడుతుంది.

ఆశీర్వాదాలతో,
జేఠూ

తా.క. నీ అసలు పేరు నాకూ, మీ జేఠీమాకీ ఎంతకీ గుర్తు రాలేదు. చివరికి నీ పెళ్లి శుభలేఖ వెతికి చూశాం. మధుచ్ఛందా అట! అందంగానే ఉంది.


కోల్‌కతా,
గురువారం

శ్రీచరణేషు జేఠూ,

ప్రణామాలు. వద్దనేవాడివి నువ్వు దొరికావు, అదీ మంచిదే. అందరూ తలలూపే ప్యానెల్‌ని మా కమిటీ కొట్టేస్తుంది. కావాలనేవాడు కూడా మీ ఊళ్లోనే దొరికాడు. "జలంగీ వార్త"లో వారం వారం ఉత్తరాలు రాసే శ్రీ నిశీథరంజన్ పాల్ ఆయనే. పత్రిక చిరునామాకి రాస్తే వెంటనే ఒప్పుకున్నారు. మొహం చూపించకుండా మాట్లాడతానన్నారు కానీ, మా కమిటీ కుదరదంది.

కంగారు పడకు. మీరిద్దరూ ఒకచోట కూర్చోరు. తెర మీద ఎవరి పెట్టెలో వాళ్లుంటారు. ముందు కాసేపు వెయిటింగ్ రూమ్‌లో ఉండాలి, తర్వాత నేను లోపలికి రానిస్తాను. సమయం మించితే నోరు మూయించే మీట కూడా నా దగ్గరే ఉంటుంది. ఢిల్లీ నుంచి ఒక ప్రొఫెసర్ చర్చ నడుపుతానన్నారు, రేపటికి ఆవిడా జారిపోతే నేను గంగలో దూకుతాను.

నీ బుల్టీ

తా.క. "కోడిపెట్ట పొదిగినట్టు కార్యదర్శి పుస్తకాల మీద కూర్చున్నారు. ఇంతవరకు ఒక్క పిల్లా బయటికి రాలేదు" అని పాల్ గారు పోయిన వారం రాశారు. కోప్పడకు కానీ, భలే రాస్తాడు.


ఘూర్ణీ

కల్యాణీయాసు బుల్టీ,

ఆశీస్సులు. లోకంలో ఇంకెవరూ దొరకలేదా? ఆ నిశీథరంజన్ ఏళ్ల తరబడి పత్రికలో నన్ను ఉతికి ఆరేస్తున్నాడు. ఒక్కనాడైనా నా ఎదుట పడలేదు. వెతుకుదామంటే బొమ్మలు చేసే ఈ ఘూర్ణీలో పాల్ అన్న ఇంటిపేరు లేనివాడెవడు? ఘోంటూ కూడా పాలే. "మీవాళ్లలో వీడెవడురా?" అని అడిగితే, "మా వంశంలో అంత తెలివైనవాడు లేడు" అన్నాడు.

వాడితో ఒక వెయిటింగ్ రూమ్‌లో నేను కూర్చోను. శియాల్‌దా స్టేషన్లో మాదిరిగా ఫస్ట్ క్లాసుకి వేరే గది ఉంటే నన్నందులో ఉంచు. నా టిఫిన్ నేను తెచ్చుకుంటాను.

రోజూ సాధన చేస్తున్నాను. ఘోంటూ ఆ పాల్ వేషం వేసి నన్ను ప్రశ్నలడుగుతాడు. నిన్న మరీ రెచ్చిపోయి, "పుస్తకాలు చదవడానికా, నువ్వు కాపలా కాయడానికా?" అన్నాడు. వేషమని తెలిసినా నాకు ఒళ్లు మండి వాడి మరమరాలు ముట్టుకోలేదు. సదస్సు రోజు నా పక్కన కూర్చోరా అంటే మాత్రం కుదరదట. నవద్వీప్‌లో వదినగారి ఇంటికి వెళ్లాలట. అవసరానికి ఆదుకోనివాడు స్నేహితుడేమిటి?

ఆశీర్వాదాలతో,
జేఠూ

తా.క. నోరు మూయించే మీట సంగతి మీ జేఠీమాకి తెలియనివ్వకు.


కోల్‌కతా,
సోమవారం

శ్రీచరణేషు జేఠూ,

ప్రణామాలు. తీరిగ్గా రాసే ఓపిక లేదు. నిన్న ఒక ప్యానెల్‌లో ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు, ఇంకో ప్యానెల్‌లో ముగ్గురూ ఒకరి కోసం ఒకరు ఆగారు. మా హెడ్ నావైపు అదోలా చూస్తున్నారు. వచ్చే ఆదివారం మీదే ఆఖరిది. అది కూడా పాడైతే యంత్రం బర్ధమాన్ రైలెక్కుతుంది, నీ పుస్తకాలు చెదల పాలవుతాయి. కాలేజీ కంప్యూటర్ గదికి వేళకి వెళ్లు. వ్యతిరేకించు, ఎగతాళి చెయ్యి, కానీ మధ్యలో లేచిపోకు. నీ కాళ్లు పట్టుకుంటాను.

పాల్ గారు మొహం చూపించడానికి ఒప్పుకున్నారు. ఒక్కటే అడిగారు. "ఆయనకి బీపీ ఉంది, పక్కన మంచినీళ్లు పెట్టించండమ్మా" అని. నీ బీపీ సంగతి ఆయనకెవరు చెప్పారు?

నీ బుల్టీ

తా.క. నడుం పైదాకే కనిపిస్తుంది కదా అని కింద లుంగీతో కూర్చోకు. నిన్న పైన కోటు వేసుకున్న ఒక పెద్దాయన, ముఖ్య అతిథిని చూసి గౌరవంగా లేచి నిలబడ్డారు.


ఘూర్ణీ

కల్యాణీయాసు బుల్టీ,

ఆశీస్సులు. అంతమంది పండితుల ముందు నీ పరువు తీశానని మీ జేఠీమా తిడుతూనే ఉంది. నువ్వు మీట నొక్కేశాక ఏం జరిగిందో నీకు తెలియదు కనుక మొదటి నుంచీ చెప్తాను.

చెవులకి డొప్పలు తగిలించుకుని కూర్చున్నాను. ఢిల్లీ ఆవిడ "ఇప్పుడు శ్రీ నిశీథరంజన్ పాల్" అంది. నల్లగా ఉన్న ఎదుటి పెట్టె వెలిగింది. చూస్తే మన ఘోంటూ! వెనకాల వాడి దుకాణం, పై వరసలో మట్టి మామిడిపళ్లు. వీడు నవద్వీప్ మానుకుని, నాకోసం శత్రువు చోటు ఆక్రమించాడనుకున్నాను. ప్రాణం లేచి వచ్చింది. అందుకే అలా అరిచాను, "శభాష్ రా ఘోంటూ! కదలకు! వాడొచ్చి బతిమాలినా సీటివ్వకు!" అని.

వాడు కదల్లేదు. నెమ్మదిగా, "వాడు వచ్చేశాడు రా హాబూ. వాడు నేనే" అన్నాడు.

ఆ తర్వాత నేనేమన్నానో నీకూ, దేశదేశాల వాళ్లకీ తెలుసు. నువ్వు మా ఇద్దరి నోళ్లూ నొక్కేశావు. నేను డొప్పలు పీకేసి తిన్నగా దుకాణానికి నడిచాను. వాడింకా తెర ముందు కూర్చుని చేతులు తిప్పుతూ ఉపన్యసిస్తున్నాడు. ఎవరికీ వినపడటం లేదని తెలియదు వెర్రివెధవకి.

"ఇన్నేళ్లుగా నీ అసలు పేరు నాకు చెప్పలేదేంరా?" అన్నాను.

"నువ్వెప్పుడైనా అడిగావా?"

"పత్రికలో తిట్టడమెందుకు? మొహం మీద తిట్టొచ్చుగా?"

"మొహం మీద తిడితే నువ్వు టీ తెప్పిస్తావు. అది తాగాక ఇంకెలా తిట్టేది?" అన్నాడు. మళ్లీ తనే, "హాబూ, నీ కార్డు మీద తెచ్చుకున్న పుస్తకాలు చదివి చాలా కాలమైందిరా. అక్షరాలన్నీ అలికేసినట్టున్నాయి. డాక్టరు ఇంక ఇంతే అన్నాడు. బొమ్మలకి కళ్లు కూడా కోడలే దిద్దుతోంది. ఆ యంత్రంలోకి ఎక్కిస్తే ఒక్కో అక్షరం అరచేయంత చేసుకోవచ్చట" అన్నాడు.

"నాతో చెప్తే నేను చదివి పెట్టనట్రా?"

"అదే కదా భయం. ప్రతి పేజీకీ ఆగి నీ అభిప్రాయం చెప్తావు."

నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ముందు ఏది వచ్చిందో చెప్పలేను. గుమ్మం తొక్కేవాడు ఉండడనే కదా నా బెంగ! రోజూ తొక్కే ఆ ఒక్కడూ పుస్తకం చంకన పెట్టుకుపోయి, తెరవకుండానే తిరిగి తెస్తున్నాడు. ఇంక నేనెవరి కోసం కాపలా కాయను?

విన్నవాళ్లంతా మా ఇద్దర్నీ మళ్లీ కూర్చోబెట్టమంటున్నారనీ, నా సంతకం అందితే యంత్రం మనకేననీ నువ్వు జేఠీమాకి ఫోనులో చెప్పావట. సంతకం పెట్టిన కాగితం దీనితోనే పంపుతున్నాను. అయితే ఒకటి గుర్తుంచుకో, నేను ఓడిపోలేదు. నోరు తెరవనిస్తే కదా!

ఆశీర్వాదాలతో,
జేఠూ

తా.క. వచ్చే వారం "జలంగీ వార్త" తప్పక చూడు. యంత్రం తెప్పించడానికి ఇంత ఆలస్యమేమిటని నిశీథరంజన్ పాల్ పాఠాగారం కార్యదర్శిని కడిగిపారేశాడు. ఎప్పుడూ వాడి ఉత్తరాలు రాసే కోడలు పుట్టింటికి వెళ్లింది కాబట్టి వాడు చెప్తుంటే ఈసారి నేనే రాసిపెట్టాను. వాడు "సోమరి" అని ఊరుకున్నాడు. వాక్యం తూగడం లేదని "మొండి" అన్నది నేనే కలిపాను.