పాత పైథాన్‌కు వేరే దొడ్డి

మంగళవారం, అచ్చంపేట

కంప్యూటర్‌లో పాత పైథాన్ తీసేసి కొత్తది వేశాను, నిరుడు రాసిన ప్రోగ్రామ్ ఆగిపోయింది. ఎన్నిసార్లయినా నాకు బుద్ధి రాదు. ఏ ప్రోగ్రామ్‌కు కావాల్సిన పైథాన్ వెర్షన్ దానికి విడిగా ఉండేలా వేర్వేరు ఎన్విరాన్‌మెంట్లు కట్టేసరికి సాయంత్రమైంది.

"పొద్దటి సంది గదిల్నే ఉన్నవేంది బిడ్డా?" అంది నేను కిరాయికుంటున్న ఇంటి అవ్వ. ఈరోజు నాతో మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే. జరిగింది చెప్పాను.

"మా గొర్రెపిల్లల లెక్కనే. గవి మందతోని నడవలేవు, గందుకే దొడ్డిల వేరుగ ఉంచుతం" అని నవ్వింది.

అంతలో మంద మేత నుంచి తిరిగొచ్చింది. అవ్వ దొడ్డి తడిక తీయగానే ఒక్కో పిల్లా తన తల్లి దగ్గరికి పరుగెత్తింది. నేనూ బయటికొచ్చాను. ఎవరి దగ్గరికి పోవాలో తోచక, ఆ తడిక పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.