అవ్వ ఇల్లు చూపించిన తీరు

బాపూ, పై పోర్షన్ బాత్రూం తలుపు గోడకు ఆనిచ్చి ఉన్నది, చూసి పరేషాన్ కాకు. చేవెళ్లకెల్లి కొత్త గడియ పట్టుకొని రా. క్రిస్మస్ కాడికెల్లి చెప్తున్న, నా మాట ఎవరు వింటరు?

పొద్దున కిరాయికి ఇల్లు చూస్తమని భార్యాభర్తలు వచ్చిన్రు. ఏజెన్సీ ప్రశాంత్ "తలుపులన్నీ గట్టివి మేడం" అనుకుంట బాత్రూంలకు పోయి గడియ పెట్టి చూపించిండు. గడియ ఊడి చేతికొచ్చింది, ఆయన లోపలనే ఇరుక్కున్నడు.

నేను కార్పెంటర్‌కు ఫోన్ చేస్తుంటే అవ్వ వాళ్లను కూసోబెట్టి ముచ్చట పెట్టింది. "నీళ్లు దినం తప్పి దినం వస్తయి బిడ్డా. వాన పడితే వంటింటి మూల ఉరుస్తది. కోతులు గిన్నెలు ఎత్కపోతయి."

"అవ్వా, జర ఆగు!" అని లోపల్నుంచి ప్రశాంత్ ఒకటే మొత్తుకునుడు. అవ్వ ఆగలే. ఇల్లు ఎన్ని నెలలసంది ఖాళీగున్నది! నాకు ఏడుపొక్కటే తక్కువ.

కార్పెంటర్ వచ్చి తలుపు ఊడదీసేసరికి వాళ్లు ఇల్లు ఖాయం చేసుకున్నరు. "ఉన్నదున్నట్టు చెప్పే ఓనర్లను ఇప్పుడే చూస్తున్నం" అన్నది ఆ అక్క. ఆదివారం దిగుతరు. ఆలోపు ఆ వంటింటి మూల బాగు చేయించు.

కూర పొయ్యి మీద ఉన్నది, వేడి చేసుకో. నేను డ్యూటీకి పోతున్న.

గ్రేసి

మర్చిపోయిన. రేపు చిన్న మంగళారం ఊర్ల ఇంకో ఇల్లు చూపియ్యాల్నట, అవ్వను పంపుతరా అని ప్రశాంత్ అడిగిండు. అవ్వ అప్పుడే మంచి చీర తీసి పెట్టుకున్నది. వద్దనకు బాపూ.