ఒంటిచేతి చొక్కా

బుజ్జోడా,

ఈ ఉత్తరంతో పంపిన చొక్కాకి ఒక చెయ్యే ఉందని కంగారుపడకు. అమ్మకి మతి పోలేదు, చెప్తాను విను.

బండి గుంతలో పడి చెల్లి తలకి దెబ్బ తగిలినప్పటి నుంచి దానికి వెలుతురు, చప్పుడు పడటం లేదు. తల తిరుగుతుంది. నిదానంగా తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పింది. మీ నాన్న పోయాక ఇంట్లో నాకు తోడుగా మాట్లాడేది కుట్టుమిషనొక్కటే. దాని మీదా దుప్పటి కప్పేశాను. అందుకే నీ చొక్కా చేత్తో కుడుతూ వచ్చాను.

కిటికీలకి నీలం లైనింగు గుడ్డ కట్టాను. గదంతా నీళ్ల అడుగున ఉన్నట్టుంటుంది. చెల్లీ నేనూ గుసగుసలాడుకుంటాం. ఒక్కోసారి నేనే దాని కలలో కూర్చుని కుడుతున్నానేమో అనిపిస్తుంది.

నిన్న అది చొక్కా తడిమి, "అన్నయ్యదా? కోతికి చొక్కా ఎందుకే అమ్మా!" అని నవ్వింది. పడ్డాక అదే మొదటి నవ్వు. తర్వాత, "చెయ్యి మిషన్ మీద కుట్టమ్మా, వింటాను" అంది. మెల్లగా తొక్కాను. నా గుండె చప్పుడే ఎక్కువ వినబడింది. అది కళ్లు మూసుకుని చివరిదాకా విని, "దూరంగా వాన పడుతున్నట్టుంది" అంది.

రెండో చెయ్యి అందుకోబోతే నన్ను పట్టుకుని ఆపింది. "ఇది వాడొచ్చాక కుట్టు. వాడూ వినాలి. నా మొహం చూడలేక ఎన్నాళ్లు దాక్కుంటాడట?"

బండి నువ్వే నడిపావు గానీ, ఆ గుంత నువ్వు తవ్వలేదు నాయనా. రా.

చొక్కా నీ పాత కొలతకే కుట్టాను. వదులు కాకుండా కడుపునిండా తిను.

అమ్మ