నా కుడికాలు, ఆటోపైలట్

జూన్ 10, సోమవారం. ఉదయం.

తీర్మానం: చెయ్యి పెట్టను. కాలు పెట్టను. విమానాన్ని దానంతట దాన్ని దిగనిస్తాను.

ఎందుకో కూడా రాసిపెట్టుకుంటున్నాను, రేపు మర్చిపోయానని తప్పించుకోకుండా. నాది డ్రైవింగ్ స్కూల్. నేర్పే బండిలో నా సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్లు కంగారుపడితే నేను తొక్కుతాను. పంతొమ్మిదేళ్లుగా తొక్కుతూనే ఉన్నాను. ఊళ్లో సగం మంది నా కాలి చలవ వల్లే బతికి ఉన్నారని నా అభిప్రాయం.

మా ఆవిడ అభిప్రాయం వేరు. ఆవిడకి లైసెన్సు ఉంది. పరీక్ష మొదటిసారికే పాసైంది. ఆ రోజు నేను పక్కన లేను కాబట్టి పాసయ్యానంటుంది. తర్వాత నన్ను పక్కన పెట్టుకుని నాలుగుసార్లు నడిపి, తాళం నా చేతిలో పెట్టేసింది. మళ్లీ ముట్టుకోలేదు.

ఇప్పుడు ముట్టుకోక తప్పదు. ఆవిడ పనిచేసే ఆస్పత్రి వాళ్లు ఊరి చివర కొత్త ల్యాబ్ తెరుస్తున్నారు. దానికి తనని ఇన్‌చార్జిగా వేశారు. జులై ఒకటి నుంచి ఆరున్నరకల్లా అక్కడ ఉండాలి. మొదటి బస్సే ఏడింటికి. నేను దింపుదామంటే ఆరింటికే నా క్లాసులు. కారు నడపకపోతే ఆ పోస్టు తన కింద పనిచేసే అమ్మాయికి పోతుంది. నేర్పడానికి వాడిన పాత బండి, నా వైపు బ్రేకుతో సహా, ఖాళీగానే ఉంది. కానీ నేను పక్కన కూర్చుని చూడనిదే ఇవ్వనన్నాను. మీరు పక్కన ఉంటే నడపనంది.

ఈ పీటముడి విప్పడానికి మా బావమరిది దిగాడు. వాడికి కంప్యూటర్ల షాపు ఉంది. పాత కంప్యూటర్, ఒక జాయ్‌స్టిక్, కాళ్ల కిందికి రెండు పెడల్స్, విమానం నడిపే ఆట తెచ్చి హాల్లో బిగించాడు.

"బావా, ఇందులో ఆటోపైలట్ ఉంది. నువ్వు ఊరికే కూర్చుంటే విమానం అదే దిగుతుంది. నువ్వు నేర్చుకోవాల్సింది ఆ ఊరికే కూర్చోవడమే."

ఆవిడ అక్కడికక్కడే షరతు పెట్టింది. "ఒక్కసారి చెయ్యీ కాలూ పెట్టకుండా దింపండి. ఆ రోజు నా పక్కన కూర్చోవచ్చు."

ఊరికే కూర్చోవడం! రెండు రోజుల పని!

మా అమ్మాయి "ఆరంభశూరత్వం" అంది. కాలేజీకి వెళ్లినప్పటి నుంచి దానికి నోరు ఎక్కువైంది.

జూన్ 11. సాయంత్రం.

సిద్ధాంతం అర్థమైంది. రన్‌వే దగ్గర్నుంచి రెండు రేడియో కిరణాలు వస్తాయి. ఒకటి కుడికీ ఎడమకీ తప్పకుండా నేరుగా దారి చూపిస్తుంది. రెండోది ఎంత వాలుగా దిగాలో చెబుతుంది. ఆ రన్‌వే ఫ్రీక్వెన్సీ పెట్టుకుని, దారి దగ్గరికి వెళ్లి, అప్రోచ్ అనే బటన్ నొక్కాలి. ఆటోపైలట్ రెండిటినీ పట్టుకుని దింపేస్తుంది. మబ్బులో అయినా సరే.

మొదటి ప్రయత్నం: అప్రోచ్ నొక్కాను. విమానం రన్‌వే మీదుగా హుందాగా ఎగిరి సముద్రం మీదికి వెళ్లిపోయింది. ఫ్రీక్వెన్సీ పెట్టడం మర్చిపోయాను.

రెండోది: ఫ్రీక్వెన్సీ పెట్టాను. కానీ మరీ ఎత్తున వచ్చాను. ఆ వాలుని కిందనుంచి వచ్చి అందుకోవాలట. అందలేదు. సముద్రం.

అయితే ఒకటి. రెండుసార్లూ స్టిక్కు ముట్టుకోలేదు. తీర్మానం అక్షరాలా నిలబడింది.

"దిగలేదు కదా," అంది ఆవిడ.

అన్నీ ఒకేసారి అడిగితే ఎలా?

జూన్ 12. ఉదయం.

పట్టుకుంది! రెండు కిరణాలూ పట్టుకుంది!

చక్రాలు దించాను. (బటన్లు లెక్కలోకి రావు. ఆవిడని ముందే అడిగాను.) రెక్కల వెనక ఫ్లాప్స్ దించాను. వేగం తగ్గించాను. మబ్బు విడిపోయి ఎదురుగా రన్‌వే దీపాలు. విమానం గీత గీసినట్టు దిగుతోంది. ఎంత బాగా దిగుతోందంటే, నాకు అనుమానం వచ్చింది.

ఐదొందల అడుగుల దగ్గర కుడికాలు పెడల్ తొక్కింది. నేను కాదు. కాలు. దాని వెనకే చెయ్యి వెళ్లి స్టిక్కు పట్టుకుంది. స్టిక్కు కదిలితే ఆటోపైలట్ తప్పుకుంటుంది, పెద్ద మోత పెట్టి మరీ. విమానం రన్‌వే పక్క గడ్డిలో దిగింది. లోపల నూట ఎనభై మంది.

వంటింట్లోంచి ఆవిడ. "ఏంటండీ ఆ మోత?"

"అలారం."

"దేనికి?"

"నిద్ర లేవడానికి."

జూన్ 14. మధ్యాహ్నం, రెండు క్లాసుల మధ్య.

నిన్న మూడుసార్లు, ఇవాళ రెండుసార్లు. అన్నీ గడ్డి. ఒకసారి మాత్రం కంట్రోల్ టవర్.

కారణాలు: కుర్చీ ఎత్తు సరిపోలేదు. పక్కింటి కుక్క మొరిగింది. అడ్డగాలి. (గాలి నేనే ఎక్కువ పెట్టుకున్నానని అమ్మాయి కనిపెట్టింది.) పైగా ఆటోపైలట్ చివర్లో కాస్త బద్ధకిస్తోంది. రన్‌వే దగ్గరపడుతుంటే నాలాంటి అనుభవజ్ఞుడికి తెలుస్తుంది.

తీర్మానానికి చిన్న సవరణ: చెయ్యి పెట్టినా గట్టిగా పెట్టను.

సాయంత్రం ఇంకో సవరణ: గట్టిగా పెట్టినా వెంటనే తీసేస్తాను.

జూన్ 16, ఆదివారం.

కొత్త పద్ధతి. బాసింపట్టు వేసుకుని కుర్చీలో కూర్చున్నాను. చేతులు తొడల కింద. ఇక ఏ అవయవమూ బయట లేదు.

వెయ్యి అడుగులు, బాగుంది. ఐదొందలు, బాగుంది. మూడొందల దగ్గర కాలు తిమ్మిరెక్కింది. తిమ్మిరెక్కిన కాలు ఏం చేస్తుందిలే అనుకున్నాను. అదే వెళ్లి తొక్కింది. బాసింపట్టు ఎప్పుడు విప్పానో నాకే తెలియదు.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు," అంది ఆవిడ, ఉతికిన బట్టలు మడతపెడుతూ. కోపంగా కూడా అనలేదు.

జూన్ 18. సాయంత్రం.

ఇరవై ఎనిమిదిలోగా ల్యాబ్ వాళ్లకి జవాబు చెప్పాలట. షరతు సంగతి పక్కన పెట్టి, పోనీ ఒకసారి చూద్దాం పదండని తనే తాళం తీసుకుంది.

వాటర్ ట్యాంకు వెనక రోడ్డు. బాగా నడిపింది. గేర్లు మెత్తగా వేసింది. అద్దాలు చూసుకుంది. నేను పొగుడుదామని నోరు తెరిచాను. అప్పుడు రోడ్డుకి అడ్డంగా ఒక ప్లాస్టిక్ కవరు ఎగిరింది.

తొక్కాను. బండి ఆగిపోయింది. ఆవిడ కళ్లజోడు డాష్‌బోర్డు మీద పడింది.

కళ్లజోడు తీసి పెట్టుకుంది. బండి పక్కకి తీసి ఆపింది. ఇండికేటర్ కూడా వేసింది. దిగి, తలుపు మెల్లగా వేసి, ఇంటికి నడుచుకుంటూ వెళ్లిపోయింది. దబాల్న వేసి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు.

జూన్ 20.

విమానం ఎగరలేదు. కంప్యూటర్ మీద తువ్వాలు కప్పాను. ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

తలుపు వెనక ఆవిడ కొత్త తెల్లకోటు ఇస్త్రీ చేసి వేలాడుతోంది. జేబు మీద తన పేరు, కింద ఇన్‌చార్జి అని కుట్టి ఉంది. అన్నం తింటుంటే ఎదురుగా అదే. సగంలో లేచాను.

"ఈ పోస్టు వద్దని చెప్పేయనా?" అని అడిగింది. తప్పు నాదే అని ఒక్క మాటన్నా బాగుండేది. అనలేదు.

ఎవరో వచ్చి నేర్చుకుంటే బ్రేకు తొక్కడం నా పని. తను నడిపితే మాత్రం పని కాదు, భయం. తనకేమన్నా అయితే నేనేం కావాలి? ఈ మాట తనతో అనడం నాకు చేతకాదు. బ్రేకు తొక్కడం చేతనవును.

"ఇరవై ఎనిమిది దాకా ఆగు," అన్నాను.

జూన్ 23, ఆదివారం. మధ్యాహ్నం.

అమ్మాయి తువ్వాలు తీసేసింది. "చివరిసారి నాన్నా. అమ్మా, నువ్వూ వచ్చి కూర్చో." బావమరిది కూడా వచ్చాడు. అంతా వరసగా కూర్చున్నారు.

ఫ్రీక్వెన్సీ పెట్టాను. కిందనుంచి వచ్చాను. అప్రోచ్ నొక్కాను. పట్టుకుంది. దట్టమైన మబ్బు. ఎనిమిదొందల దాకా పెద్దమనిషిలా కూర్చున్నాను. ఆ తర్వాత విమానం కాస్త ఎడమకి జరిగినట్టనిపించింది. ఇక లాభం లేదు. స్టిక్కు రెండు చేతులా పట్టుకున్నాను. కుడికి తిప్పాను. ఎత్తాను. పెడల్స్ రెండూ తొక్కాను. చెమటలు కారిపోయాయి. యాభై, నలభై, ముప్పై అని విమానం అంకెలు చదువుతోంది. చక్రాలు పువ్వు పెట్టినట్టు ఆనాయి. రన్‌వే మధ్య గీత మీద! మొదటిసారి!

లేచి నిలబడ్డాను. "తీర్మానం పోతే పోయింది. నూట ఎనభై మందిని కాపాడాను. ఆటోపైలట్‌ని నమ్ముకుని ఉంటే ఏమయ్యేదో చూశారా?"

అమ్మాయి బల్ల వెనక్కి వంగి ఒక వైరు పైకెత్తి చూపించింది. ఒక కొస స్టిక్కులోనూ పెడల్స్‌లోనూ ఉంది. రెండో కొస దాని చేతిలో ఉంది.

"పొద్దున్నే ఊడదీశాను నాన్నా."

బావమరిది నేల మీద పడి నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఆ వైరుని చాలాసేపు చూసింది. తర్వాత లోపలికి వెళ్లి మెకానిక్‌కి ఫోన్ చేసింది. పాత బండికి ఆయిలు మార్చాలట.

నా పరువు పోయి నేనేడుస్తుంటే, ఆవిడకి ఆయిలు.

జూన్ 27, గురువారం. సాయంత్రం.

నమ్మలేకపోతున్నాను. ఆవిడే వచ్చి "ఎక్కండి" అంది.

"నా కాలు..."

"తొక్కాలనిపిస్తే తొక్కండి. నేనేమీ అనను."

మెయిన్ రోడ్డు, ఫ్లైఓవరు, నాలుగు రోడ్లు కలిసే రౌండానా మీదుగా ల్యాబ్ దాకా వెళ్లి వచ్చాం. మాట నిలబెట్టుకుంది. సిగ్నల్ దగ్గర తొక్కాను, బండి ఆగింది. ఏమీ అనలేదు. స్కూలు ముందు పిల్లలు దాటుతుంటే తొక్కాను, ఆగింది. స్పీడ్ బ్రేకర్ ముందు తొక్కాను, నెమ్మదించింది. ఒకచోట కవరు ఎగిరింది, తొక్కాను. అక్కడ మాత్రం ఆగలేదు. సరిగ్గా తొక్కలేదేమో.

ఇన్నేళ్లలో నా బ్రేకు ఇంత మెత్తగా పడటం ఇదే మొదటిసారి. కళ్లజోడు కదల్లేదు. అంటే నేను మారాను! ఇంత సాధన ఊరికే పోలేదు. మెకానిక్ ఆయిలు కూడా బాగా మార్చాడు.

ఆవిడ ల్యాబ్ వాళ్లకి వస్తానని చెప్పేసింది.

జులై 1, సోమవారం.

మొదటిరోజు కదా అని ఆరింటి క్లాసు మానేసి తోడు వెళ్లాను. తెల్లకోటు వెనక సీట్లో.

రౌండానా దాటాక పక్క సందులోంచి ఒక పాల వ్యాను ముక్కు బయటపెట్టింది. ఉన్న బలమంతా పెట్టి తొక్కాను. బండి ఆగలేదు. వ్యానుని తను ఎప్పుడో చూసినట్టుంది. కాస్త నెమ్మదించి, హారన్ కొట్టి, దాన్ని పోనిచ్చి, ముందుకి కదిలింది.

నా కాలు ఇంకా పెడల్ మీదే ఉంది. పెడల్ నేలకి ఆనుకుని ఉంది. వంగి చూశాను. దాన్ని అసలు బ్రేకుకి కలిపే తీగ లేదు.

"ఎప్పట్నుంచి?"

"పోయిన మంగళవారం, ఆయిలు మార్చినప్పటి నుంచి."

"గురువారం కూడా?"

"గురువారం కూడా."

అంటే సిగ్నల్ దగ్గర ఆపింది తను. పిల్లల దగ్గర ఆపింది తను. అంత మెత్తగా ఆపింది తను. నేను ఉత్త పెడల్ తొక్కుకుంటూ ఊరంతా తిరిగొచ్చి, మారానని డైరీలో రాసుకున్నాను.

అరికాలి మంట నెత్తికెక్కాలి. ఎందుకో ఎక్కలేదు.

"మరి ఈ పెడల్ ఎందుకు ఉంచావు? మొత్తం పీకించేయాల్సింది."

రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా చెప్పింది. "మెకానిక్ కూడా అదే అన్నాడు. తీసేస్తే మీరు కాలు ఎక్కడ పెట్టుకుంటారు? నేను నడుపుతున్నంతసేపూ మీకు భయం. నాకు తెలియదా? తొక్కుకోండి."

ముందు నవ్వొచ్చింది. తర్వాత కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. ల్యాబ్ ముందు రెండు కార్ల మధ్య ఒక్క విడతలో బండి పెట్టి, కోటు వేసుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను ఏడింటి బస్సెక్కి వచ్చాను.

జులై 2. ఉదయం.

ఇవాళ ఒక్కతే వెళ్లింది. తాళం నేనే ఇచ్చాను. గేటు దగ్గర చెయ్యి ఊపాను. మలుపు తిరిగేటప్పుడు ఇండికేటర్ వేసింది.

ఆరింటి క్లాసు ఇవాళ్టికి ఏడింటికి జరుపుకున్నాను, ఇంకా కాస్త టైముంది. ఊరికే కూర్చోలేక విమానం తీశాను. వైరు తగిలించే ఉంది, చూసుకున్నాను. ఫ్రీక్వెన్సీ పెట్టాను, చక్రాలూ అవీ దించాను, అప్రోచ్ నొక్కాను. పట్టుకుంది. ఈపాటికి ఫ్లైఓవర్ ఎక్కి ఉంటుంది అనుకున్నాను. ఫోను ముందు పెట్టుకుని, కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాను. ఇప్పుడు రౌండానా. ఇప్పుడు ఆ పాల వ్యాను సందు.

"నాన్నా!" అని అరిచింది అమ్మాయి.

తిరిగి చూశాను. విమానం రన్‌వే మధ్య గీత మీద బుద్ధిగా ఆగి ఉంది. చెయ్యి పెట్టలేదు. పెడల్ తొక్కలేదు. నేను చూడను కూడా లేదు.

అమ్మాయి మాత్రం విమానం వైపు చూడటం లేదు. కుర్చీ కింద నా కుడికాలి వైపు చూస్తోంది. చెప్పు జారిపోయి దూరంగా పడి ఉంది. అరికాలు గచ్చుని అదిమిపెట్టి ఉంది, వేళ్లు తెల్లబడేలా.

ఫోను మోగింది. ఆవిడ నుంచి ఒక్క మాట: "చేరాను."

కాలు తీశాను.

తీర్మానం: గచ్చు కూడా తొక్కను. రేపటి నుంచి.